అకాల మరణాల లెక్క: ఎవరు, ఏ వయసులో, దేనివల్ల

ప్రపంచంలో ఎక్కువ మంది ప్రాణాలు తీస్తున్నవి గుండె, రక్తనాళాల జబ్బులు. 5 నుంచి 29 ఏళ్ల మధ్య వాళ్లలో మరణాలకు మొదటి కారణం రోడ్డు ప్రమాదాలు. ఐదేళ్ల లోపు పిల్లల్లో మొదటి కారణం నెలలు నిండకుండా పుట్టడంతో వచ్చే ఇబ్బందులు. మూడూ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే మాటలే, మూడూ నిజమే. విడివిడిగా శీర్షికలకెక్కినప్పుడు మాత్రం ఒకదాన్నొకటి కొట్టేస్తున్నట్టు కనిపిస్తాయి. ఎవరిని లెక్కలోకి తీసుకున్నారు, ఒక్కో మరణానికి ఎంత బరువు ఇచ్చారు అన్నదాన్ని బట్టి జాబితా మారిపోతుంది. ఆడవాళ్లకు, మగవాళ్లకు వేరువేరుగా వేస్తే మరీ మారుతుంది.

ఏ వయసు లోపు పోతే అకాలం?

ఇంట్లోవాళ్లకు ఏ చావైనా ముందే వచ్చినట్టుంటుంది. గణాంకాలకు మాత్రం ఎక్కడో ఒక గీత గీయక తప్పదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 ఏళ్ల దగ్గర గీసింది. ఎక్కువగా సంపన్న దేశాలున్న ఓఈసీడీ కూటమి గణాంకాల్లో అది 75 దగ్గర ఉంటుంది.

గీత ఒక్కటే పెట్టుకుంటే తొమ్మిది నెలల పాప మరణం, అరవై తొమ్మిదేళ్ల మనిషి మరణం సమానమైపోతాయి. అందుకని 'కోల్పోయిన జీవిత సంవత్సరాలు' అనే రెండో కొలత వచ్చింది. మరణం ఎన్నేళ్లు ముందు వచ్చిందో అన్నేళ్లు కూడతారు. ఊహించిన అంకెలతో ఒక ఉదాహరణ వేస్తే, ఒక ఏడాదిలో ఐదు మరణాలు జరిగాయనుకుందాం: పుట్టిన వెంటనే పోయిన శిశువు ఒకటి, ప్రమాదంలో పోయిన 25 ఏళ్ల యువకుడు ఒకడు, గుండెపోటుతో పోయిన 60 ఏళ్లవాళ్లు ముగ్గురు.

తలలు లెక్కపెడితే గుండెపోటుదే మొదటి స్థానం, ఐదింట మూడు. గీతను 75 దగ్గర పెట్టి సంవత్సరాలు లెక్కపెడితే శిశు మరణం 75, ప్రమాదం 50, మూడు గుండెపోట్లు కలిపి 45. గుండెపోటు అట్టడుగుకు పోయింది. అదే గీతను 90కి జరిపితే శిశు మరణం 90, గుండెపోట్లు 90, ప్రమాదం 65. చచ్చినవాళ్లు అదే ఐదుగురు, వరుస మాత్రం మూడు రకాలుగా వచ్చింది. 'మొదటి కారణం' అనే మాట కనిపించినప్పుడు దాని వెనక ఏ గీత ఉందో తెలియకపోతే ఆ మాటకు అర్థం సగమే.

ఈ గీతలో స్త్రీ పురుష భేదం కూడా ఒకప్పుడు దాగి ఉండేది. 1990ల మొదట్లో క్రిస్టఫర్ మరే, అలన్ లోపెజ్ ఆధ్వర్యంలో మొదలైన ప్రపంచ వ్యాధి భారం అధ్యయనం ఆదర్శ ఆయుర్దాయాన్ని స్త్రీలకు 82.5 ఏళ్లు, పురుషులకు 80 ఏళ్లుగా తీసుకుంది. ప్రకృతిసిద్ధంగానే మగవాళ్లకు రెండున్నరేళ్లు తక్కువ అన్న అంచనా అందులో ఉంది. అంటే పుట్టగానే పోయిన మగపిల్లాడి నష్టం ఆడపిల్ల నష్టంకంటే రెండున్నరేళ్లు తక్కువ. 2010 విడత అధ్యయనంలో ఈ తేడా తీసేసి ఇద్దరికీ 86 ఏళ్లు పెట్టారు. పాత లెక్కలో పసివాళ్ల, ముసలివాళ్ల ఏళ్లకంటే నడివయసు ఏళ్లకు ఎక్కువ విలువ ఉండేది. దాన్ని కూడా అప్పుడే వదిలేశారు. అందుకే పాత నివేదికలోని అంకెను కొత్త నివేదికలోని అంకె పక్కన పెట్టి పోల్చడం ప్రమాదకరం.

30 నుంచి 70: అందరూ వాడే అంకె లోపల ఏముంది

ఐక్యరాజ్య సమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఒకటి, అసాంక్రమిక వ్యాధుల వల్ల వచ్చే అకాల మరణాలను 2015తో పోలిస్తే 2030 నాటికి మూడో వంతు తగ్గించడం. అసాంక్రమిక వ్యాధులంటే ఒకరి నుంచి ఒకరికి అంటనివి. ఈ లక్ష్యంలో లెక్కకొచ్చేవి నాలుగు: గుండె, రక్తనాళాల జబ్బులు (పక్షవాతం ఇందులోదే), క్యాన్సర్లు, మధుమేహం, దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు. 30 ఏళ్లు నిండిన మనిషి 70 నిండేలోపు ఈ నాలుగింటిలో ఏదో ఒకదానితో చనిపోయే అవకాశం ఎంత అన్నదే కొలత. ప్రపంచం మొత్తం మీద ఇది 2000లో సుమారు 23 శాతం, 2019లో సుమారు 18 శాతం. పురుషుల్లో సగటుకంటే ఎక్కువ, స్త్రీల్లో తక్కువ.

దీన్ని కట్టే తీరు తెలిస్తే దాని బలహీనత కూడా తెలుస్తుంది. 30 నుంచి 70 వరకు ఐదేసి ఏళ్ల చొప్పున ఎనిమిది వయో వర్గాలు చేస్తారు. ఒక ప్రాంతంలో ఈ జబ్బులతో వెయ్యి మందికి ఏటా సంభవించే మరణాలు వరుసగా 0.5, 1, 2, 3, 5, 8, 12, 18 అనుకుందాం (ఇవి కూడా ఊహించినవే). ప్రతి రేటునూ ఐదేళ్ల అవకాశంగా మార్చాలి. చివరి వర్గంలో రేటు 0.018. దాన్ని 5తో గుణిస్తే 0.09. వర్గం మధ్యలో పోయేవాళ్లను సర్దడానికి, రేటును 2.5తో గుణించి 1 కలపగా వచ్చే 1.045తో భాగిస్తే 0.086. అంటే 65వ ఏట అడుగుపెట్టిన వాళ్లలో 8.6 శాతం మంది 70 చూడరు.

ఎనిమిది వర్గాల అవకాశాలనూ నేరుగా కూడితే 24.1 శాతం వస్తుంది. అది తప్పు, ఎందుకంటే 45వ ఏట పోయిన మనిషి 65వ ఏట మళ్లీ పోడు. ప్రతి వర్గంలోనూ మిగిలినవాళ్ల వాటాను గుణించుకుంటూ పోయి, చివర్న వచ్చినదాన్ని 1 నుంచి తీసేయాలి. అప్పుడు 21.9 శాతం వస్తుంది. 10,000 మందితో మొదలుపెడితే 60 చేరేది 9,071 మంది, 70 చేరేది 7,807 మంది. మొత్తం 2,193 మరణాల్లో 1,264 చివరి పదేళ్లలోనే జరిగాయి. సగంకంటే ఎక్కువ.

కాబట్టి 69లో రావలసిన గుండెపోటు మరణాన్ని 71కి నెట్టగలిగితే ఈ అంకె అందంగా తగ్గుతుంది. 38లో పోయేవాళ్లు అలాగే ఉన్నా ఆ తగ్గుదల ఆగదు. ఇంకో విషయం: మిగతా కారణాలే లోకంలో లేవన్నట్టు ఈ లెక్క సాగుతుంది. రోడ్డు ప్రమాదాలు, ఆత్మహత్యలు, కాలేయం చెడిపోయిన మరణాలు ఇందులోకి రావు. ఈ మూడూ మగవాళ్లలో ఎక్కువ కాబట్టి, స్త్రీ పురుషుల మధ్య అసలు అంతరం ఈ అంకెలో కనిపించేదానికంటే పెద్దది.

సంఖ్య పెరిగింది, ముప్పు తగ్గింది

గుండె జబ్బుల మరణాలు పెరుగుతున్నాయని ఒకరు, తగ్గుతున్నాయని ఒకరు రాస్తారు. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక ఊళ్లో 50–69 ఏళ్లవాళ్లు 10,000 మంది ఉండి, వెయ్యికి ఏటా 10 మంది చొప్పున పోతే 100 మరణాలు. ఇరవై ఏళ్ల తర్వాత ఆ వయసువాళ్లు 18,000 అయ్యారు, రేటు 7కు దిగింది. ఇప్పుడు 126 మరణాలు. సంఖ్య 26 శాతం పెరిగింది, ఒక్కో మనిషికి ఉన్న ముప్పు 30 శాతం తగ్గింది. ఆసుపత్రిలో ఎన్ని మంచాలు కావాలో తేల్చడానికి మొదటి అంకె, వైద్యం మెరుగైందో లేదో తేల్చడానికి రెండో అంకె పనికొస్తాయి. 'వయసు సర్దిన రేటు' అని నివేదికల్లో కనిపించేది ఈ రెండో రకం.

1990 తర్వాత ఏం మారింది

అతి పెద్ద మార్పు పిల్లల్లో వచ్చింది. 1990లో ఏటా 1.2 కోట్లకు పైగా పిల్లలు ఐదేళ్లు నిండకుండానే పోయేవాళ్లు. 2022లో ఆ సంఖ్య 49 లక్షలు. తట్టు టీకా, నీళ్ల విరేచనాలకు ఓఆర్‌ఎస్, మలేరియాకు మందు పూసిన దోమతెరలు, న్యుమోనియాకు యాంటీబయాటిక్స్ ఈ పని చేశాయి. మిగిలిన మరణాల్లో దాదాపు సగం పుట్టిన మొదటి నెలలోనే జరుగుతున్నాయి. అక్కడ టీకాలతో పని జరగదు, కాన్పు సమయంలోనూ ఆ తర్వాతా మంచి వైద్యం అందాలి.

రెండో మార్పు ఎయిడ్స్. 2004 ప్రాంతంలో ఏటా సుమారు 20 లక్షల మందిని బలి తీసుకుంది. ఆఫ్రికాలోని సహారా దిగువ దేశాల్లో దాని దెబ్బ యువతుల మీద ఎక్కువగా పడింది. వైరస్‌ను అదుపు చేసే మందులు విస్తృతంగా అందాక 2023 నాటికి మరణాలు 6.3 లక్షలకు వచ్చాయి. ఇంత పెద్ద కారణం ఇరవై ఏళ్లలో మూడో వంతుకు దిగడం వైద్య చరిత్రలో అరుదు.

పిల్లల మరణాలు, అంటువ్యాధులు తగ్గేకొద్దీ వాటి స్థానంలోకి అసాంక్రమిక వ్యాధులు వచ్చాయి. 2019లో ఇవి 4.1 కోట్ల మరణాలకు కారణం, అంటే మొత్తంలో సుమారు నాలుగింట మూడు వంతులు. అందులో 1.7 కోట్లు 70 ఏళ్ల లోపువి. వీటిని సంపన్నుల జబ్బులు అనడం ఇంకా పోలేదు కానీ, ఈ అకాల మరణాల్లో 86 శాతం పేద, మధ్యాదాయ దేశాల్లోనే జరుగుతున్నాయి. నాలుగు జబ్బుల్లో మధుమేహం దారి వేరు. వయసు సర్దాక కూడా దాని మరణాల రేటు 2000, 2019 మధ్య కొద్దిగా పెరిగింది.

మగవాళ్లు ముందే పోవడం ప్రకృతా, అలవాటా?

ప్రపంచ సగటున స్త్రీలు పురుషులకంటే సుమారు ఐదేళ్లు ఎక్కువ బతుకుతున్నారు. దీనికి కారణం ఏమిటన్న దగ్గర వాదం తెగలేదు.

శరీర నిర్మాణమే కారణమనేవాళ్లకు గట్టి ఆధారాలున్నాయి. మగశిశువులు ఆడశిశువులకంటే ఎక్కువగా పోతారు. ఆ వయసులో సిగరెట్టూ లేదు, మోటార్‌సైకిలూ లేదు. కరవులు, మహమ్మారులు, బానిసత్వం అనుభవించిన ఏడు జనసమూహాల రికార్డులను పరిశీలించిన 2018 నాటి పరిశోధనలో, అంత దుర్భర స్థితిలోనూ దాదాపు అన్నిచోట్లా స్త్రీలే ఎక్కువ కాలం బతికినట్టు తేలింది. తేడా ఎక్కువగా పసిప్రాయంలోనే ఏర్పడింది. ఈస్ట్రోజెన్ హార్మోను, రెండు ఎక్స్ క్రోమోజోములు, చురుకైన రోగనిరోధక శక్తి దీనికి చెప్పే కారణాలు.

అలవాట్లదే పెద్ద వాటా అనేవాళ్లు జర్మనీలోని బవేరియా మఠాలను చూపిస్తారు. అక్కడి సన్యాసులు, సన్యాసినులు ఇంచుమించు ఒకే రకం దినచర్యతో బతుకుతారు. బయటి సమాజంలో అంతరం ఆరేళ్ల దాకా ఉన్న కాలంలో మఠాల్లో అది ఏడాది దగ్గరే ఉంది. ముఖ్యంగా సన్యాసులు బయటి మగవాళ్లకంటే ఎక్కువ కాలం బతికారు. మఠంలో చేరేవాళ్లు సగటు మనుషులు కారన్న అభ్యంతరం ఉంది, అది సబబే.

రెండు వాదాలనూ కలిపి చూస్తే, పసితనంలో కనిపించే తేడా ఎక్కువగా శరీరానిది. 30 దాటాక అంతరం ఎంత పెద్దదవుతుందన్నది మాత్రం కాలాన్ని, దేశాన్ని బట్టి విపరీతంగా మారుతోంది. అంత వేగంగా మారేది జన్యువు కాదు.

రష్యా ఇందుకు కళ్లకు కట్టే రుజువు. 1985లో సోవియట్ నాయకుడు గోర్బచేవ్ మద్య నియంత్రణ మొదలుపెట్టాడు. 1987 నాటికి పురుషుల ఆయుర్దాయం సుమారు 65 ఏళ్లకు ఎక్కింది. నియంత్రణ సడలింది, ఆ వెనకే సోవియట్ యూనియన్ కూలింది. 1994లో అది 58 కంటే కిందికి పడిపోయింది. అదే ఏడాది స్త్రీల ఆయుర్దాయం 71. అంతరం 13 ఏళ్లు దాటింది. చనిపోయినవాళ్లలో పనిచేసే వయసు మగవాళ్లే ఎక్కువ. గుండె జబ్బులుగా నమోదైన మరణాల్లోనూ అతిగా తాగడం వల్ల వచ్చినవి ఉన్నాయని తర్వాతి పరిశోధనలు చూపాయి. 2000ల మధ్య నుంచి మద్యం మీద మళ్లీ ఆంక్షలు పెట్టాక 2019కి పురుషుల ఆయుర్దాయం 68కి చేరింది.

పొగాకు స్త్రీల వైపు నుంచి అదే కథ చెబుతుంది. డెన్మార్క్‌లో 1970ల చివరి నుంచి 1990ల మధ్య దాకా స్త్రీల ఆయుర్దాయం దాదాపు కదలకుండా నిలిచిపోయింది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పుట్టిన తరం స్త్రీలు ఎక్కువగా పొగతాగడమే ప్రధాన కారణమని తేలింది. అమెరికాలో 1987 నుంచి ఊపిరితిత్తుల క్యాన్సర్ రొమ్ము క్యాన్సర్‌కంటే ఎక్కువ మంది స్త్రీలను చంపుతోంది. సిగరెట్ అలవాటుకు, మరణాల శిఖరానికి మధ్య మూడు నాలుగు దశాబ్దాల ఎడం ఉంటుంది. అందుకే మగవాళ్లలో పొగ మానేసే ధోరణి ఫలితమిస్తున్న రోజుల్లోనే ఆడవాళ్లలో మరణాలు పెరిగి, కొన్ని సంపన్న దేశాల్లో అంతరం తగ్గింది. అంతరం తగ్గిందన్న ప్రతి వార్తా శుభవార్త కాదన్నమాట.

స్త్రీల జాబితాలో ప్రత్యేకమైనవి

గర్భం, ప్రసవం వల్ల 2023లో సుమారు 2.6 లక్షల మంది స్త్రీలు చనిపోయారు. 2000 నాటి సంఖ్య నాలుగు లక్షలకు పైనే. కాన్పు తర్వాత రక్తస్రావం, గర్భంలో రక్తపోటు పెరగడం, ఇన్ఫెక్షన్ ప్రధాన కారణాలు. మూడింటికీ చికిత్స దశాబ్దాలుగా తెలుసు, సమయానికి అందకపోవడమే సమస్య.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ 2022లో సుమారు 3.5 లక్షల మందిని చంపింది. దాదాపు అన్ని కేసులకూ మూలం హెచ్‌పీవీ వైరస్, దానికి టీకా ఉంది. 15 ఏళ్ల లోపు ఆడపిల్లల్లో 90 శాతానికి టీకా, 35, 45 ఏళ్ల వయసుల్లో 70 శాతం స్త్రీలకు పరీక్ష, జబ్బు కనిపించినవాళ్లలో 90 శాతానికి చికిత్స అన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కి పెట్టిన లక్ష్యం.

ఇంత చెప్పినా స్త్రీల మరణాల్లో మొదటి స్థానం గుండె, రక్తనాళాల జబ్బులదే, మూడో వంతుకు పైగా. గుండెపోటు స్త్రీలకు పురుషులకంటే ఏడు నుంచి పదేళ్లు ఆలస్యంగా వస్తుంది. దాంతో అది మగవాళ్ల జబ్బన్న పేరు పడిపోయింది. ఛాతీ నొప్పితో పాటు ఆయాసం, వికారం, దవడ నొప్పి, విపరీతమైన నీరసం స్త్రీలలో ఎక్కువగా కనిపిస్తాయి. వాటిని గ్యాస్ అనో, ఆందోళన అనో కొట్టిపారేయడం వల్ల చికిత్స ఆలస్యమవుతుంది. మందుల ప్రయోగ పరీక్షల్లోనూ స్త్రీల పాలు చాలాకాలం తక్కువే.

పురుషుల జాబితాలో ప్రత్యేకమైనవి

2021లో రోడ్డు ప్రమాదాల్లో 11.9 లక్షల మంది పోయారు, ఒక స్త్రీకి ముగ్గురు పురుషులు చొప్పున. ఏటా ఏడు లక్షలకు పైగా ఆత్మహత్యలు. పురుషుల రేటు స్త్రీలకు రెట్టింపుకు మించి. హత్యకు గురయ్యేవాళ్లలో సుమారు 80 శాతం మగవాళ్లు. 2019లో మద్యం ఖాతాలో పడిన 26 లక్షల మరణాల్లో 20 లక్షలు పురుషులవి. ఇవన్నీ ఎక్కువగా చిన్న వయసులో వచ్చే మరణాలు కాబట్టి, సంవత్సరాల లెక్కలో వీటి బరువు తలల లెక్కలోకంటే చాలా ఎక్కువ.

జబ్బు కారణమా, దాని వెనక ఉన్నది కారణమా?

నివేదికల్లో రెండు రకాల జాబితాలుంటాయి. ఒకటి జబ్బులది: గుండెపోటు, పక్షవాతం, క్యాన్సర్. రెండోది ముప్పు కారకాలది: అధిక రక్తపోటు, పొగాకు, గాలి కాలుష్యం, మద్యం. రెండోదానిలోని అంకెలు మొదటిదానిలోవే, ఇంకో తీరున పంచినవి. ఒకే గుండెపోటు మరణం రక్తపోటు కిందా, పొగాకు కిందా రెండుసార్లు లెక్కకు రావచ్చు. అందుకే రెండో జాబితాను నిలువునా కూడకూడదు. కూడితే మొత్తం మరణాలకంటే ఎక్కువ వచ్చినా ఆశ్చర్యం లేదు.

మొదటి జాబితా కూడా మరణ ధ్రువపత్రం మీద ఆధారపడిందే. డాక్టరు అందులో ఒక వరుస రాయాలి: రక్తంలో ఇన్ఫెక్షన్, దానికి కారణం కాలికి కుళ్లు, దానికి కారణం మధుమేహం. లెక్కలోకి వెళ్లేది అన్నిటికంటే కిందిది, మధుమేహం. 'గుండె ఆగి మరణం' అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే ఆ పత్రం దేనికీ పనికిరాదు. గుండె ఆగకుండా చనిపోయినవాళ్లెవరూ లేరు. ఇలాంటి పనికిరాని నమోదులను గణాంకవేత్తలు మిగతా కారణాలకు అంచనాతో పంచుతారు. పత్రమే లేనిచోట, కుటుంబాన్ని ప్రశ్నలడిగి కారణాన్ని ఊహించే మౌఖిక శవపరీక్ష చేస్తారు. ప్రమాదాలు, ప్రసవ మరణాలు ఈ పద్ధతిలో బాగానే పట్టుబడతాయి. పెద్ద వయసులో గుండె, ఊపిరితిత్తుల జబ్బులను విడదీయడంలో అది తడబడుతుంది.

70 గీత మీద గొడవ, 2010 తర్వాతి మందగమనం

గీతను 70 దగ్గర పెట్టడం వృద్ధుల పట్ల వివక్ష అన్నది ఒక బలమైన విమర్శ. లక్ష్యం 70 లోపు మరణాలనే పట్టించుకుంటే 72 ఏళ్ల మనిషి రక్తపోటు మందుకు నిధులు ఎవరిస్తారన్నది వాళ్ల ప్రశ్న. 70 తర్వాత ఒకే మనిషికి మూడు నాలుగు జబ్బులుంటాయి, అసలు కారణం ఏదో తేల్చడం కష్టం, కాబట్టి నమ్మదగిన అంకెలున్న వయసులోనే లక్ష్యం పెట్టుకోవాలన్నది సమర్థకుల జవాబు. కొలత పరంగా సమర్థకుల మాట నిలుస్తుంది. నిధుల పరంగా విమర్శకుల భయం ఊరికే పుట్టింది కాదు.

2010 దాకా చాలా దేశాల్లో అసాంక్రమిక వ్యాధుల అకాల మరణాలు వేగంగా తగ్గాయి. ఫిన్‌లాండ్‌లోని ఉత్తర కరేలియాలో 1972లో మొదలైన కార్యక్రమం తర్వాత, పనిచేసే వయసు మగవాళ్లలో గుండె మరణాలు నాలుగు దశాబ్దాల్లో ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గిపోయాయి. కొలెస్ట్రాల్, పొగ, రక్తపోటు మూడింటినీ ఒకేసారి పట్టుకోవడం అక్కడ పనిచేసింది. 2010 తర్వాత చాలా చోట్ల తగ్గుదల కొనసాగినా వేగం పడిపోయింది. అమెరికాలో అయితే మత్తుమందుల మరణాలు తోడై 2014 తర్వాత మూడేళ్లపాటు ఆయుర్దాయమే తగ్గింది. ఆపైన కోవిడ్ వచ్చి 2019, 2021 మధ్య ప్రపంచ ఆయుర్దాయాన్ని 1.8 ఏళ్లు కోసేసింది. అందులోనూ పురుషులే ఎక్కువగా పోయారు.

2030 లక్ష్యాన్ని ఎక్కువ దేశాలు అందుకునే దారిలో లేవు. 2024లో లాన్సెట్ పత్రిక కమిషన్ ఒకటి 2050 నాటికి 70 లోపు మరణించే అవకాశాన్ని సగానికి తగ్గించాలని ప్రతిపాదించింది. ఇందులో లెక్క 30 దగ్గర కాకుండా పుట్టుకతోనే మొదలవుతుంది, నాలుగు జబ్బులకే పరిమితం కాకుండా అన్ని కారణాలూ వస్తాయి. ప్రసవంలో పోయే ఇరవై ఏళ్ల యువతి, రోడ్డు మీద పోయే ఇరవై ఏళ్ల యువకుడు పాత 30–70 అంకెలో ఎక్కడా కనిపించరు. ఈ కొత్త అంకెలో ఇద్దరూ ఉంటారు.